ఐదో యూనిట్ కింద సంతకం

పదకొండేళ్లుగా ఒక అమ్మాయి సంతకం నా మీద బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. సూర్యాపేట నుంచి రోజూ బస్సు. మా కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ఏ పాఠం పూర్తయిందో లెక్చరర్ టీచింగ్ డైరీలో రాయాలి, దాని కింద క్లాస్ లీడర్ సంతకం చేయాలి. బాధ్యత ఇద్దరిదీ అని.

ఆ ఏడు చివరి యూనిట్ నేను చెప్పలేదు. జబ్బు లేదు. సెలవూ లేదు. అలసట. నాలుగింటి బస్సు దొరకాలని చివరి పీరియడ్ వదిలేసేవాణ్ణి. అయినా 'ఐదో యూనిట్ పూర్తి' అని రాసి క్లాస్ లీడర్ రేణుక ముందు పెట్టాను. నేరేడుచర్ల నుంచి వచ్చే పిల్ల. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి.

"సార్, గిది ఇంకా మొదలే పెట్టలే గద?"

"అన్నీ నేనే నోట్ల పెట్టాల్నా? సగం మీరు సదువుకోవాలె. పెట్టమ్మా, ప్రిన్సిపాల్ సార్ అడుగుతున్నరు."

వెనక బెంచీలోంచి ఎవరో, "పెట్టవే ఆఫీసరమ్మా, సార్ బస్సు పోతది!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పెట్టింది.

పరీక్షల్లో కెమిస్ట్రీ పేపర్లో సగం క్లాసు ఫెయిలయింది. రేణుక కూడా. తండ్రిని వెంటబెట్టుకొని ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చి, పాఠమే చెప్పలేదని అంది. ఆయన నన్నూ పిలిపించి, టీచింగ్ డైరీ తెరిచి ఆమెకు చూపించాడు.

"ఈ సంతకం నీదే గదమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆ తండ్రి నాకు చేతులు జోడించాడు. "పిల్ల తెల్వక అన్నది సార్, మనసుల పెట్టుకోకుర్రి."

ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు. ఏమైందో నేను కనుక్కోలేదు. నేరేడుచర్ల ఎంత దూరం?

చదవాల్సిన సగం విద్యార్థిదే అని ఇప్పటికీ నమ్ముతాను. కానీ నా సగం చేయకుండా ఆ మాట అనే హక్కు నాకెక్కడిది? పుస్తకం చూసి తనే చదువుకోవాల్సిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది, నా తప్పులో ఆమెకు వాటా పెట్టడానికి కాదా?

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇంట్లో నా సొంత డైరీ రాస్తున్నాను. బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో కూడా అందులో ఉంటుంది. ఆ తండ్రి దండం పెట్టిన రోజు పేజీలో మాత్రం 'విశేషం లేదు' అని ఉంది.

ఇవాళ దాని కింద రాశాను: 'పాఠం నేను చెప్పలేదు. రేణుక చెప్పింది నిజం.'

ఊపిరి కొంచెం ఆడింది. అంతకు మించి ఏమీ మారలేదు. తేదీ వేసి సంతకం చేశాను. ఈసారి నాది ఒక్కటే.