అక్క పెళ్ళి ఫోటోలో కన్ని కుక్క

మా అక్క నవ్వితే చూడాలి. ఊరికే పొగడటం లేదు. మా ఇద్దరి మధ్య పొగడ్తలకంటే పోట్లాటలే ఎక్కువ. కానీ తొంభైల్లో కోవిల్పట్టి స్టూడియోలో తీయించిన ఆమె ఫోటోలు చూస్తే మాత్రం, ఈ పిల్లకు నవ్వడం చేతనవునా అనిపించేది. మూడుసార్లు తీయించాం. వెనక నీలం తెర, పక్కన ప్లాస్టిక్ పూలు, మధ్యలో పరీక్ష హాలు టికెట్టు మీద అతికించినట్టు మా అక్క. స్టూడియో ఆయన "కొంజం సిరిమ్మా" అని తమిళంలో నవ్వమని బతిమాలేకొద్దీ ఆమె పెదవులు ఇంకా బిగుసుకునేవి. సంబంధాల కోసం ఆ ఫోటోలు విరుదునగరం దాకా, కారియాపట్టి దాకా వెళ్ళి, వెళ్ళినంత మర్యాదగానూ తిరిగి వచ్చాయి.

అక్కకు అప్పటికి ఇరవై ఏడు. అగ్గిపెట్టెల ఆఫీసులో పని. మా ఊళ్ళో ఫ్యాక్టరీని ఆఫీసు అనేవాళ్ళు. గొంతెత్తకుండా నలభై మంది ఆడవాళ్ళ చేత పని చేయించేది. అలాంటి మనిషి, మూడో ఫోటో తిరిగొచ్చిన రోజు దాన్ని చేతిలో పట్టుకుని కూలబడింది.

"ఇందులో ఉండేది నేను గాదే. నన్ను జూసి వద్దంటే సరే. నన్ను జూడకుండానే వద్దంటా ఉండారు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కావలసింది ఏదో ఒక సంబంధం కాదు, తనను తనుగా చూసే ఒక్క మనిషి. అక్కను చూపించే ఫోటో ఒకటి తీయించి తీరాలని నాకు పంతం పట్టుకుంది. ఆలోచన కూడా నాదే, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అక్క ఒళ్ళు మరిచి నవ్వేది మా కన్ని కుక్క దగ్గరే. నల్లటి ఒళ్ళు, కళ్ళ మీద గోధుమరంగు చుక్కలు, పుల్లల్లాంటి కాళ్ళు. కన్ని అంటే కుందేళ్ళను తరిమే వేటజాతి. దాన్ని పక్కన కూర్చోబెట్టి తీయిద్దాం అన్నాను.

"పెండ్లి పోటోలో కుక్క యాంటికే? జనం నగరా?" అంది అమ్మ.

"ఇంతదాకా నగలేదు గదా, నగనీ" అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువే.

స్టూడియో ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. నల్లకుక్కకు ఫ్లాష్ కొడితే రెండు దీపాలూ ఒక బొగ్గులకుప్పా వస్తాయని చెప్పి, ఒక ఉదయం స్టూడియో మూసేసి సైకిలు మీద మా ఇంటికే వచ్చాడు. సున్నం గోడ పక్కన, ఎండ ఏటవాలుగా పడే చోటు వెతికాడు. కెమెరా కుక్క కళ్ళ ఎత్తులో ఉండాలట. అందుకని తెల్లపంచెతో మా వాకిట్లో బోర్లా పడుకున్నాడు. కెమెరా పక్కన సజ్జసంకటి ముద్ద పట్టుకుని నిలబడటం నా వంతు. అక్క నేల మీదే కూర్చుని కుక్కను దగ్గరికి తీసుకుంది. మూడు ఫోటోలు వృథా అయ్యాయి. నాలుగోసారి కుక్క సంకటి మీద ఆశ వదులుకుని, తల తిప్పి అక్క చెవి వాసన చూసింది. అక్క నవ్వేసింది. ఆయన నొక్కేశాడు.

ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, అమ్మ దాన్ని రెండు రోజులు దేవుడి గూట్లో పెట్టుకుంది. తరవాత ప్రింట్లు వేయించి సంబంధాలు చూసే పెద్దాయనకిచ్చాం. నెల తిరక్కుండా నాలుగు ఇళ్ళ నుంచి కబురొచ్చింది. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ముందుగా కడంబూరు వైపు నుంచి వచ్చారు. వాళ్ళలో తాత నేరుగా కుక్క దగ్గరికి వెళ్ళి, మూతి ఎత్తి పళ్ళు చూశాడు. ఛాతీ తడిమాడు. "కూనలు ఎప్పుడు ఈనుతుంది?" అని అడిగాడు. నాయన ముఖం మాడిపోయింది. మాకు అప్పుడు వెలిగింది. మా వైపు తెలుగిళ్ళలో కన్ని కుక్కను అమ్మరు; ఆడపిల్ల అత్తింటికి వెళ్ళేటప్పుడు కూనను వెంట పంపుతారు. పిల్ల పక్కన కుక్కను కూర్చోబెట్టి ఫోటో పంపితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కూన ఇస్తామని మాటిచ్చినట్టే. పుట్టి పెరిగిన ఆచారం ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. కుక్కకు తొమ్మిదేళ్ళనీ, ఇక కూనలు లేవనీ నాయన చెప్పాడు. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. కారియాపట్టి వాళ్ళు, అమ్మాయి నచ్చింది, కూన మాత్రం నల్లదే కావాలని కబురంపారు. ఇంకొకరు రానే లేదు.

అక్క నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"నన్ను జూపించేదానికి కుక్క గావాల్సొచ్చె. జూసినోళ్ళు కుక్కనే జూసిరి" అని మాత్రం అంది. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగిలింది విరుదునగరం సంబంధం. అతను పప్పుమిల్లులో తూకాల దగ్గర పని చేస్తాడు. తల్లిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. నాయన దెబ్బ తిని ఉన్నాడు కాబట్టి, వాళ్ళు కూర్చోకముందే "కుక్క ముసలిది. కూనల్లేవు" అనేశాడు.

"పర్వాలేదు మామా" అన్నాడతను. జేబులోంచి మా ఫోటో తీసి, అక్క వైపు తిరిగాడు. "ఒకటి అడగాలని వచ్చినాను. ఇందులో మీ ఎడం చెయ్యి కనబడలేదు. బుజం గూడా ఒకపక్కకు వాలిపోయుండాది. కుక్కను కింద నుంచి ఎత్తి పట్టుకునుంటిరా?"

అక్క తలెత్తి అతన్ని సూటిగా చూసింది.

"ఔను. దానికి ఎనక కాలు నొప్పి. శానాసేపు కూచోలేదు" అంది.

"చెప్పుంటే పోటో ఆయన ఆపేసుండునే?"

"మా చెల్లెలు అంత ఆశపడి తీయిస్తా ఉండాది. ఎట్లా ఆపమనేది?"

అంటూ నవ్వింది. కుక్క పక్కన లేదు, సంకటి ముద్ద లేదు, నవ్వమని బతిమాలినవాళ్ళూ లేరు. అతను ఫోటో జేబులో పెట్టేసుకుని, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఫోటో తీస్తున్నప్పుడు నేను అక్కకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. తరవాత దాన్ని వందసార్లు చూసి మురిసిపోయాను. ఒక్కసారి కూడా ఆ భుజం చూడలేదు.