నవ్వు ఆగేదాకా లేవకూడదు

మా బావ ఉద్యోగం పడటం. మెట్ల మీంచి, నిచ్చెన మీంచి, సైకిల్ మీంచి, ఒకసారి నడుస్తున్న తోపుడుబండి మీంచి. హాస్య సినిమాల్లో కాలు జారేదాకా హీరో ఉంటాడు. జారాక మా బావ ఉంటాడు. లేచి బట్టలు దులుపుకునేది మళ్లీ హీరోనే. బావ మొహం తెర మీద చూసినవాళ్లు లేరు. వీపు మాత్రం అందరూ చూశారు, ఎవరిదో తెలియదంతే.

ఆ మనిషికి మెత్తలు కుట్టేదాన్ని నేను. స్టూడియోలో బట్టల గది నాది. మోచేతులకీ మోకాళ్లకీ తుంటికీ సరిపడా స్పాంజి కోసి, పైకి కనపడకుండా చొక్కా ప్యాంట్ల లోపల కుట్టాలి. అందుకే బావ నన్ను దూదమ్మా అంటాడు. మరదలి కష్టానికి ఆయనిచ్చిన బిరుదు అదొక్కటే. సెట్లో ఆయన్ని అందరూ బంతన్న అంటారు.

పడటానికి కూడా పద్ధతుందంటాడు బావ. నేల తగిలేముందు గట్టిగా కేక పెట్టాలి. అది నవ్వించడానికని అందరూ అనుకుంటారు గానీ, కేక పెడితే ఛాతీలో ఊపిరి బయటికి పోయి పక్కటెముకలకి దెబ్బ తక్కువ తగులుతుందట. ఇక పడ్డాక, నవ్వు ఆగేదాకా లేవకూడదు. "లేచావా, నవ్వు అక్కడే చచ్చిపోతుంది" అంటాడు. అందుకని ఆయన నేల మీద చచ్చిన పీనుగులా పడి ఉంటాడు, సెట్లో వాళ్లు పొట్టలు పట్టుకుంటారు. లేవకపోయేకొద్దీ ఇంకా నవ్వుతారు. వాళ్లందరికీ ఆ అలవాటు చేసింది మా బావే.

ఆ రోజు హోటల్ సెట్. వెయిటర్ వేషంలో ప్లేట్ల దొంతర మోసుకుంటూ మెట్లు దిగి, అడుగున సబ్బునీళ్ల మీద జారి, ఉతికే బట్టల గంపలో పడాలి. గంప నిండా నేనే పాత పరుపులు కుక్కాను. రిహార్సల్ చక్కగా జరిగింది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ ఓ మూల నిలబడ్డాను. సబ్బునీళ్ల బకెట్ పైనుంచి దింపేటప్పుడు పైమెట్టు మీద కాస్త ఒలికిందని ఎవరూ గమనించలేదు.

బావ ఆ పైమెట్టు మీదే జారాడు. ప్లేట్లు గాల్లోకి లేచాయి. మనిషి వెల్లకిలా జారుకుంటూ వచ్చి, గంపని తప్పించుకుని, నేల మీద పడి ఆగిపోయాడు. సెట్టంతా గొల్లుమంది. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు. కెమెరా పట్టుకున్నాయనకి కళ్లనీళ్లు.

నేను మాత్రం కేక కోసమే చెవి పెట్టి ఉన్నాను. బావ కేక పెట్టలేదు. కేక పెట్టలేదంటే పడబోతున్నట్టు ఆయనకే తెలియదు.

"నోళ్లు ముయ్యండి" అని అరిచాను. అది కూడా సీన్లో భాగమనుకుని ఒకడు ఇంకా నవ్వాడు. వాడి మీదికి నడుముకి దోపుకున్న కత్తెర తీసి విసరబోయి, ఎలాగో తమాయించుకుని పరిగెత్తాను. బావ కళ్లు తెరిచే ఉన్నాయి.

"బావా, లే."

"లేవాలనే ఉంది, దూదమ్మా. కాళ్లు మాట వినట్లేదు."

అప్పటికి గానీ నవ్వు ఆగలేదు. డైరెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన్ని తిట్టడం తర్వాత చూసుకోవచ్చని, కారు తెప్పించమని అరిచాను.

ఆసుపత్రికి అక్క చెప్పుల్లేకుండా వచ్చింది. ఏడవలేదు. లోపల ఎక్స్‌రే ఫోటోలు తీస్తున్నంతసేపూ గోడకి ఆనుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. నేను నా మెత్తల గురించే ఆలోచించాను. మోచేతికి పెట్టాను, మోకాలికి పెట్టాను, వెన్నుకి ఎందుకు పెట్టలేదు? వెన్ను మీద పడే మనిషి కాదని. ఇక ఈయన నడవకపోతే ఏమిటన్న మాట లోపల్నుంచి తన్నుకొస్తుంటే, పంటి కింద నొక్కిపెట్టాను.

తర్వాత డాక్టర్ మమ్మల్ని లోపలికి పిలిచింది. బావ కాళ్ల దగ్గర నిలబడి, చిన్న సూదితో అరికాలి మీద గుచ్చింది. ఏమీ లేదు. కొంచెం పైన గుచ్చింది. ఏమీ లేదు. రెండో పాదం పట్టుకుని గట్టిగా గుచ్చింది.

"అబ్బా" అన్నాడు బావ.

అక్క కొంగు వదిలేసింది. "ఇంకోసారి గుచ్చండి, డాక్టర్‌గారూ" అంది.

డాక్టర్ గుచ్చింది. బావ మళ్లీ అబ్బా అన్నాడు. బొటనవేలు కదిలింది. "ఎముకలు బాగానే ఉన్నాయి. దెబ్బకి నరాలు మొద్దుబారాయి. ఒక్కొక్కటీ తిరిగొస్తాయి, కంగారు పడకండి" అందావిడ. నేను ఆ మంచం పట్టె మీదే కూలబడ్డాను. గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయింది. అక్క అప్పుడు ఏడ్చింది, తీరిగ్గా, మొగుడి కాలు ఒళ్లో పెట్టుకుని.

బావ లేచి తిరిగే రోజుల్లో డైరెక్టర్ ఇంటికొచ్చాడు. తలొంచుకుని, ఆ షాట్ వాడుకోవచ్చా అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బావ మాత్రం అక్క వైపు చూశాడు. అక్క మీ ఇష్టమంది.

"అంత కష్టపడి పడ్డాను, వాడుకోకపోతే ఎలాగండి" అన్నాడు బావ. "కేక లేదు కదా, డబ్బింగ్‌లో ఒకటి పెట్టేస్తాను."

"వద్దు బంతన్నా, కేక లేకపోవడమే బాగుంది" అన్నాడు డైరెక్టర్. బావ మొహం మాడిపోయింది.

సినిమాకి ముగ్గురం వెళ్లాం. ఆ మెట్లు వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను. హాలు హాలంతా విరగబడి నవ్వింది. వెనక వరసలో ఎవరో కుర్చీని దబదబా బాదుతున్నారు.

"చూశావా" అని గొణిగాడు బావ. "ఇన్నేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని పడ్డాను. ఒక్కదానికీ ఇంత నవ్వలేదు. పొరపాటున పడ్డదానికి ఎలా నవ్వుతున్నారో చూడు."

కళ్లు తెరిచాను. తెర మీద బావ ఇంకా లేవలేదు. అక్క తెర వైపు చూడటం లేదు. పూర్తిగా ఇటు తిరిగి, ఆ వెలుగులో మూతి ముడుచుకు కూర్చున్న మొగుణ్ణి చూస్తోంది.

"నవ్వనివ్వండి" అంది. "మీరు ఇక్కడున్నారు కదా."

అని, ఆయన మొహం చూసి, తనూ పగలబడి నవ్వింది.