అద్దం దానంతటదే పగిలింది

మా బావ లెక్క ప్రకారం సృష్టి మొదలైన దగ్గర్నుంచీ ఈ లోకంలో ఏ మనిషీ ఏ అద్దాన్నీ పగలగొట్టలేదు. అద్దాలే వాటంతటవి పగులుతున్నాయి. మనుషులు పాపం, ఆ సమయానికి పక్కన ఉంటున్నారు, అంతే.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయనా నేనూ ఒకే ట్రావెల్స్‌లో పనిచేస్తున్నాం. నేను ముందు గదిలో ఫోన్లెత్తి, ఏ బండి ఎక్కడికి వెళ్ళాలో చెబుతాను. ఆయన వెనక రేకుల షెడ్డులో అద్దాల మేస్త్రీ. కార్లకీ వ్యాన్లకీ ముందద్దాలు బిగించడం, పెచ్చు లేస్తే జిగురు నింపి సరిచెయ్యడం, మరీ బీట వారితే ఊడదీసి కొత్తది వెయ్యడం ఆయన పని. ఎడమ మణికట్టుకి ఎప్పుడూ ఒక టేపు చుట్ట కడియంలా వేలాడుతూ ఉంటుంది. పెళ్ళి ఫొటోలో కూడా ఉంది. నమ్మకపోతే మా ఇంటికి రండి, చూపిస్తాను.

ఒకసారి మా అక్క అత్తగారు కళ్ళజోడు కనిపించక ఇల్లంతా వెతికి, అలిసిపోయి కుర్చీలో కూలబడ్డారు. కింద పటుక్కుమంది. బావ పరుగెత్తుకొచ్చి, తల్లిని లేపి, జోడు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఫ్రేము మరీ బిగువుగా ఉందమ్మా. ఈ అద్దం ఎప్పట్నుంచో పగలాలని చూస్తోంది."

"నేను దానిమీద కూర్చున్నాను కదరా!"

"నువ్వు కూర్చున్నావు. అది పగిలింది. రెండూ ఒకేసారి జరిగాయి. అంతమాత్రాన దానికీ దీనికీ సంబంధం ఉందంటావా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "అదీ నిజమేలే, నేనేం గట్టిగా కూర్చోలేదు" అన్నారు. ఆ తర్వాత కొడుకు చేతే కాఫీ పెట్టించుకుని తాగారు.

ఇక బళ్ళ అద్దాల సంగతి ఎత్తారా, మీ పని అయిపోయినట్టే. అక్క పెళ్ళయిన కొత్తలో తెలియక, "బావా, కొన్ని బళ్ళకి ముందద్దం ఊరికే పగులుతుందేం?" అని అడిగాను. అప్పుడు పొయ్యి మీద కుక్కరు పెట్టి వచ్చాను. కుక్కరు కూసింది, అక్క దింపింది, అందరూ తిన్నారు, గిన్నెలు కడిగారు. బావ ఇంకా అద్దం మొదటి పొర దగ్గరే ఉన్నాడు.

"ముందద్దం అంటే ఒక అద్దం కాదు మరదలా. రెండు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. పగిలినా పెంకులు మన కళ్ళలో పడకుండా ఆ పొర పట్టుకుంటుంది. ఇప్పుడు బండి బరువు తగ్గాలని పలకలు పల్చగా చేస్తున్నారు. చూపు బాగా ఆనాలని వెడల్పు పెంచుతున్నారు. పల్చనా వెడల్పూ కలిస్తే ఇంకేముంది, అప్పడమే! ఆపైన బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల మనవాళ్ళు ఏసీ పెట్టి దాని మొహాన చల్లగాలి కొడతారు. కాలిపోతున్న అద్దం మీద బకెట్టుడు చన్నీళ్ళు గుమ్మరిస్తారు. కిటికీలన్నీ మూసి తలుపు దబ్బున వేస్తారు. లోపలి గాలి ఎటు పోతుంది? అద్దాన్నే తంతుంది! ఇన్ని పడి కూడా అది నిలబడిందంటే దాని ఓర్పుకి దణ్ణం పెట్టాలి."

"మరి వ్యాను అద్దాలే ఎక్కువ పగులుతాయేం?"

"కారు అద్దం వాలుగా ఉంటుంది. రాయి తగిలినా జారి పైకి పోతుంది. వ్యాను అద్దం నిటారుగా నిలబడి ఎదురొమ్మున దెబ్బ తింటుంది. మనుషుల్లోనూ అంతే. నేను కారు అద్దాన్ని. మీ అక్క ఏమన్నా నా మీంచి జారిపోతుంది. మీ అక్కుంది చూడూ..."

"ఏమండీ, ఎవరండీ వ్యాను?" అని వంటింట్లోంచి వినిపించింది. బావ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి జారిపోయాడు.

ఆయనతో ప్రయాణమంటే మాకు తల ప్రాణం తోకకొస్తుంది. తలుపు వేసే ముందు కిటికీ అంగుళం దించాలి. ఇంట్లో బీరువా మూసేటప్పుడు కూడా అక్క చెయ్యి కిటికీ మీటకోసం వెతుకుతుందంటే చూసుకోండి. రోడ్డు మీద ముందు కంకర లారీ కనబడిందా, బావ మన బండిని నత్తలా నడిపిస్తాడు. ఓసారి అలా వెళుతుంటే కార్లు దాటిపోయాయి, స్కూటర్లు దాటిపోయాయి, చివరికి ఓ ముసలాయన సైకిల్ తొక్కుకుంటూ దాటిపోతూ, "బండి చెడిందా బాబూ?" అని పరామర్శించి వెళ్ళాడు.

"బావా, లారీని దాటి ముందుకు పోవచ్చు కదా!"

"దాటేటప్పుడే అసలు కంకర మన మొహాన పడేది. నువ్వు కాస్త నిద్రపో."

నిద్రపోయి లేచాను. లారీ అక్కడే ఉంది. సైకిల్ ముసలాయన మాత్రం పని చూసుకుని ఎదురొస్తున్నాడు.

ఈ పిచ్చి ఇంటివరకే ఉంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మా ఓనరు గారికి ముక్కు మీద కోపం. అద్దాల విషయంలో ఆయనకో శాసనం ఉంది. డ్రైవరు అజాగ్రత్త వల్ల ముందద్దం పగిలితే, ఆ డ్రైవరు బండి తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పోవాలి. మళ్ళీ రానక్కర్లేదు. అజాగ్రత్తా కాదా అన్నది తేల్చాల్సింది మేస్త్రీ. అంటే మా బావ. దొంగని పట్టమని దొంగకి మేనమామని పంపినట్టన్నమాట.

అద్దం పగిలిన ప్రతిసారీ షెడ్డులో పంచాయితీ జరుగుతుంది. బావ కుడి చూపుడువేలికి గోరు కాస్త పెంచుతాడు. ఆ గోటితో బీట వెంట గీసుకుంటూ పోతాడు. గోరు చిన్న గుంటలో తట్టుకుంటే ఏదో తగిలినట్టు. దెబ్బ ఏ వైపు తగిలితే ఆ వైపే గుంట పడుతుంది. ఎక్కడా తట్టుకోకుండా బీట అంచు దగ్గర మొదలైతే, వేడో బిగింపో కారణం. పని లేని మధ్యాహ్నాల్లో ఈ విద్య నాకూ నేర్పాడు. గోరు తట్టుకున్నా తట్టుకోకపోయినా తీర్పు మాత్రం ఒక్కటే. "ఎవరి తప్పూ లేదు సార్. కారణమేంటంటే..." అని బావ గొంతు సవరించుకుంటాడు. రెండు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర దగ్గరికి వచ్చేసరికి ఓనరు గారు లేచి, "సరే సరే, కొత్తది వెయ్యి" అని పారిపోతారు. ఆఖరిదాకా విన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. మా బావంత అమాయకుడు లేడనీ, అద్దాల పిచ్చిలో పడి మనుషుల తప్పులు ఆయన కంటికి ఆనవనీ నేను గట్టిగా నమ్మేదాన్ని.

అలా ఉండగా ఒక కొత్త డ్రైవరు చేరాడు. ఆరడుగుల పొడుగు, చీమంత ధైర్యం. మనం తుమ్మినా అతను సారీ అంటాడు. అందరం అతన్ని సారీ అనే పిలిచేవాళ్ళం. పిలిస్తే "సారీ, వినబడలేదు" అనేవాడు. ఎన్నాళ్ళో ఖాళీగా ఉండి, కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం. ఇంట్లో నెల తిరగని పసిపిల్ల. దాని ఫొటో రోజూ నా బల్ల దగ్గరికొచ్చి చూపించి, మీ పని చెడగొట్టాను సారీ అని వెళ్ళేవాడు. అతని దోషం ఒక్కటే, నోట్లో నువ్వుగింజ నానదు.

ఓ మధ్యాహ్నం అతను వ్యాను తెచ్చి షెడ్డులో పెట్టాడు. ముందద్దం ఈ చివర్నుంచి ఆ చివరికి బీట వారింది. సారీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ వారంలో మా ట్రావెల్స్‌లో అది మూడో అద్దం. ఓనరు గారు అగ్గిమీద గుగ్గిలమైపోతూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమయ్యా మేస్త్రీ, ఇవాళ నీ పురాణం ఆఖరిదాకా వింటాను. కదిలితే నా పేరు మార్చుకుంటాను. తప్పు ఇతనిదైతే తాళాలు ఇక్కడ పెట్టి పోవాల్సిందే."

ఆ పసిపిల్ల ఫొటో కళ్ళముందు మెదిలింది.

బావ గోటితో అద్దం బయటివైపంతా గీశాడు. "తట్టుకోలేదు సార్. రాయి కాదు. వేడి. ఎవరి తప్పూ లేదు."

"సారీ సార్," అన్నాడు సారీ, "కందిరీగ..."

"ఇదిగో, ఈ టేపు ముక్క కాస్త పళ్ళతో పట్టుకో బాబూ, నాకు చేతులు చాలట్లేదు." బావ ఒక ముక్క తుంచి అతని నోటికిచ్చాడు.

"కందిరీగ ఏంటి?" అన్నారు ఓనరు గారు.

"ఎండకి తలతిరిగి ఏదో అంటున్నాడు సార్. ఎండ అంటే గుర్తొచ్చింది. ముందద్దం అంటే ఒక అద్దం కాదు. రెండు పలకలు..."

సారీ పళ్ళ మధ్య నుంచి, "సాయీ సాయ్, నేనే ప్లాస్కు..." అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే ఇతను భుజాలే కాదు, ఒళ్ళంతా తడుముకునే రకం. బావ ఇంకో ముక్క తుంచి ఇచ్చాడు. ఇంకోటి. ఇంకోటి. చివరికి సారీ నోటి నిండా టేపు ముక్కలు వేలాడుతున్నాయి. బావ మాత్రం ఒక్క ముక్కా తిరిగి తీసుకోలేదు.

ఓనరు గారు మొండిగా కూర్చున్నారు. బావ పలకలు దాటాడు, ప్లాస్టిక్ దాటాడు, ఏసీ, చన్నీళ్ళు, తలుపు దెబ్బ, అరిగిన వైపర్లు, స్పీడ్ బ్రేకర్ల మీద బాడీ మెలితిరగడం, అద్దం చుట్టూ రబ్బరు బీడింగు కింద పట్టే తుప్పు, అన్నీ దాటాడు. ఓనరు గారి కళ్ళు మూతపడ్డాయి. తెరుచుకున్నాయి. "ఇప్పుడు అసలు విషయానికొస్తే సార్, ఇసుక నుంచి గాజు ఎలా తయారవుతుందంటే..." అనగానే ఆయన దిగ్గున లేచారు. "ఒరే నాయనా, అద్దం తప్పే! ఇసుక తప్పే! కొత్తది వేసెయ్యి!" అని చెవులు మూసుకుని బయటికి పరుగెత్తారు.

షెడ్డులో మేం ముగ్గురం మిగిలాం. ఊరికే ఉండలేక నేను వ్యాన్‌లోకి ఎక్కి బీట వెంట లోపలివైపు నా గోటితో గీశాను. అద్దం మధ్యలో గోరు టక్కున తట్టుకుంది. మిరియపు గింజంత గుంట. లోపలివైపు!

తల తిప్పి బావ వంక చూశాను. బావ తీరిగ్గా నా వంక చూశాడు.

"మరదలా, గోళ్ళు కత్తిరించుకో. మరీ పెరిగాయి."

ఈలోగా సారీ నోటి ముక్కలన్నీ ఉమ్మేసి జరిగింది చెప్పాడు. వ్యాన్‌లో వెనక సీటునిండా పిల్లలున్నారట. కందిరీగ ఒకటి దూరిందట. పిల్లలు కేకలు పెడుతుంటే, బండి ఆపి చేతికందిన స్టీలు ప్లాస్కుతో దాన్ని కొట్టాడట. కందిరీగ క్షేమంగా కిటికీలోంచి వెళ్ళిపోయింది. "సారీ మేస్త్రీ గారూ, ఓనరు గారికి చెప్పేస్తాను" అని లేచాడు. బావ అతన్ని పట్టుకుని, "వెళ్ళి పిల్లని ఎత్తుకో. చెప్పాలనిపిస్తే దానికి చెప్పు" అని ఇంటికి తోలేశాడు.

"బావా, నీకు మొదట్నుంచీ తెలుసా?"

"అద్దం మేస్త్రీకి ఆ మాత్రం తెలియదా? నిజానికి చాలాసార్లు తప్పు అద్దానిదే మరదలా. ఎప్పుడో ఓసారి మనిషిది. అద్దం పగలగానే అందరూ ఎవరు, ఎవరు అని అరుస్తారు. నేను ఎందుకు పగిలిందో మొదలుపెడితే, ఎవరన్నది మర్చిపోతారు."

"దానికి ఇసుక దాకా వెళ్ళాలా?"

"క్లుప్తంగా చెబితే మధ్యలో ప్రశ్నలడుగుతారు."

ఇన్నేళ్ళూ ఈయన్ని అమాయకుడనుకున్నాను చూడండీ! నాకు నవ్వాగలేదు. ఎంత నవ్వానో అంత ముద్దొచ్చాడు మా బావ. ఇంటికెళ్ళి అక్కతో చెబితే, "నాకు పెళ్ళయిన వారానికే తెలుసు" అంది. "నేను పగలగొట్టిన డ్రెస్సింగ్ టేబుల్ అద్దం గురించి మా అత్తగారికి సాయంత్రం దాకా చెప్పాడు."

నేను గోళ్ళు కత్తిరించుకున్నాను.

కొన్నాళ్ళకి ఓనరు గారు తన ఇంటి కారు తానే నడుపుకుంటూ షెడ్డుకొచ్చారు. వాళ్ళావిడ కొత్త కారు. ముందద్దం నిలువునా బీట. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఏం లేదు మేస్త్రీ... ఫోన్లో ఒకడు నోటికొచ్చినట్టు వాగాడు. కోపమొచ్చి తాళం గుత్తి విసిరాను. సాయంత్రం మా ఆవిడ అడుగుతుంది."

బావ గోటితో బయటివైపంతా గీశాడు. లోపలివైపు చూడనేలేదు. "తట్టుకోలేదు సార్. వేడి. ఎవరి తప్పూ లేదు."

"నేను తాళాలు విసిరానయ్యా!"

"మీరు విసిరారు. అది పగిలింది. రెండూ ఒకేసారి జరిగాయి."

ఓనరు గారు బావ వంక అదోలా చూశారు. "ఏమయ్యా, ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగేనా?"

"అద్దాలన్నీ ఒకలాంటివే సార్."

ఆయన తనే కుర్చీ తెచ్చుకుని బుద్ధిగా కూర్చున్నారు. "ఆ రెండు పలకల సంగతి మొదట్నుంచి చెప్పు. నెమ్మదిగా చెప్పు, ఇంట్లో అప్పజెప్పాలి." బావ మొహం చూడాలి అప్పుడు! చరిత్రలో మొదటిసారి ఆయన ఉపన్యాసాన్ని ఒక మనిషి ఇసుకతో సహా విన్నాడు. పైగా, మధ్యలో ఆపి సందేహాలు కూడా అడిగాడు.

ఆ ఉపన్యాసం సగంలో ఉండగానే గుమ్మంలో ఆరడుగుల నీడ పడింది. "సారీ సార్, ఇన్నాళ్ళూ నాకు నిద్ర పట్టట్లేదు. ఆ రోజు వ్యాను అద్దం..."

బావ రెండు చేతులూ గాల్లో పెట్టి ప్లాస్టిక్ పొర ఎలా సాగుతుందో చూపిస్తున్నాడు. నేనే వెళ్ళి ఆయన మణికట్టు మీది చుట్ట లాగి, బారెడు టేపు తుంచి సారీ నోటికిచ్చాను.

"ఇది కాస్త పళ్ళతో పట్టుకో బాబూ, బావకి చేతులు చాలట్లేదు."