తాటికమ్మ బండి

మనవరాలు దిద్దించగా ముసలితనంలో అక్షరాలొచ్చాయి నాకు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

అది పందొమ్మిదివందల అరవయ్యెనిమిదో, తొమ్మిదో. శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో కొత్తగా పసిపిల్లల బడి, బాలవాడి పెట్టారు. జ్వరమొచ్చి కాళ్ళు చచ్చుబడిన నా నాలుగేళ్ళ కూతురు పైడమ్మను పంతులమ్మ అడిగి మరీ చేర్చుకుంది. వారం తిరక్కుండానే పిల్ల పిక్కల నిండా గీతలు. "ఎవులు గీరేరే?" అంటే "ఎవులూ నేదు" అనేది. తోటిపిల్లలు ఏడిపిస్తున్నారనీ, పంతులమ్మ చూసి కూడా దాస్తోందనీ అనుమానం పట్టుకుంది. మాన్పించేద్దామనే నిర్ణయించుకుని, ఒకరోజు చెప్పకుండా వెళ్ళి గోడపక్కన నక్కాను.

నలుగురు పిల్లలు నా కూతుర్ని తాటికమ్మ మీద కూర్చోబెట్టి ఈడ్చుకుపోతున్నారు! కర్ర పట్టుకుని అరుస్తూ మీదికి ఉరికాను. వాళ్ళు కమ్మ వదిలేసి పరుగో పరుగు.

పైడమ్మ గొల్లుమంది. "ఎల్లిపోవే అమ్మా! బండి ఆపేసినావు. నాను డ్రైవర్ని!"

"మరి ఆ గీతలేటే?"

తాటికమ్మ మట్ట అంచున రంపంలా ఉన్న కరుకు చూపించింది. "సెప్తే నువ్వు పంపవు గదేటి?"

దానికీ స్నేహితులుంటారని నాకు తోచనే లేదు. మర్నాడు పొద్దున్నే కత్తి పట్టుకెళ్ళి, పిల్లలు దూరంగా నిలబడి నన్ను అనుమానంగా చూస్తుంటే, ఆ మట్ట అంచులు నున్నగా చెక్కి ఇచ్చాను.