పద్మ టీచర్ కుడి భుజం

2007లో కొత్తగూడెం బస్టాండు వెనక చిన్న గదిలో నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. వచ్చేవి ఎక్కువగా గని కార్మికుల నడుములే. భుజం నొప్పితో పద్మ టీచర్ వచ్చినప్పుడు బరువేమైనా ఎత్తారా అని అడిగాను.

"లేదు మేడం, పళ్లెం ఇసిరిన."

ఇంట్లో గొడవేమో అనుకుని పక్కనున్న భర్త వంక కోపంగా చూశాను. పాపం, ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నా మీద కాదు మేడం! ఆటల!"

ఆమె భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆటల టీచర్. ఎవరో వేసవి శిబిరం పెట్టి, వెళ్తూ వెళ్తూ ప్లాస్టిక్ పళ్లేలు ఇచ్చి వెళ్లారట. ఆట పేరు డిస్క్ గోల్ఫ్. దూరంగా గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది. తక్కువ విసుర్లలో పళ్లేన్ని అందులో వేసినవాళ్లు గెలిచినట్టు. మామూలుగా పక్కనుంచి విసురుతారు. కానీ ఆ బడి చుట్టూ టేకు చెట్లే. అందుకే ఈమె ఓవర్‌హెడ్ త్రో పట్టుకుంది. అంటే పళ్లేన్ని నిలువుగా పట్టి, మామిడికాయకు రాయి వేసినట్టు తల మీదినుంచి విసరడం. అది చెట్ల మీదుగా లేచి, తిరగబడి, అవతల నిటారుగా దిగుతుంది.

"హైదరాబాద్‌ల పోటీ ఉంది మేడం, ఇంక రెండు నెలలే. ఇన్నేండ్ల సంది పిల్లల్ని ఆడిస్తున్న. నా పేరు మీద నేను ఎన్నడు ఆడలే. గీ ఒక్కసారి పోనియ్యున్రి."

చెయ్యి ఎత్తమంటే చెవి దాకా రాలేదు. రొటేటర్ కఫ్, అంటే భుజం కీలును పట్టి ఉంచే చిన్న కండరాలు, వాచిపోయాయి. ఇంకా లాగితే చిరుగుతాయి. చిరిగితే ఆపరేషన్, ఇక పోటీ మాట దేవుడెరుగు. ఆమె జడ వంకరగా ఉందేమిటని అడిగితే భర్త జవాబిచ్చాడు.

"నేనే ఏస్తున్న మేడం. ఆమెకు చెయ్యి ఎనకకు పోతలేదు. బళ్లె పిల్లలు నవ్వుతున్నరట."

ఓవర్‌హెడ్ పూర్తిగా బంద్ అన్నాను. రబ్బరు బ్యాండుతో వ్యాయామాలు నేర్పాను. వారాలు గడిచినా వాపు తగ్గలేదు. నాకు ఒళ్లు మండింది.

"నిజం చెప్పున్రి టీచర్. ఇసురుతున్నరా?"

"ఒట్టు మేడం. ఆట మొత్తానికే బంద్ జేసిన." కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమాడే ముఖం కాదది.

ఆ శనివారం క్లినిక్ మూసేసి, బస్సెక్కి వాళ్ల బడికి వెళ్లాను. మైదానంలో పిల్లలు వరస కట్టి ఉన్నారు. "టీచర్, నాకొక్కసారి చూపియ్యరా?" అని ఒక పిల్ల అడగడం, టీచర్ తల మీదికి చెయ్యెత్తి విసిరి చూపించడం. వెంటనే ఇంకో పిల్ల. ఆ వరస ఎంతకీ తరగలేదు. వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"మరి ఇదేంది?"

"ఇది ఆట కాదు గద మేడం." నిజంగానే తెల్లబోయింది. "పిల్లలకు చూపిస్తున్న, అంతే."

"మీ భుజానికి ఆ తేడా ఏం తెలుసమ్మా!"

అక్కడే ఒప్పందం చేసుకున్నాం. బాగా విసిరే పిల్ల ఒకతె చూపిస్తుంది. టీచర్ చేతులు కట్టుకుని నోటితోనే చెప్పాలి. నోరు నొప్పి పుడుతోందని నన్ను తిట్టుకుంది కూడా. అయితేనేం, వాపు దిగింది. పోటీ దగ్గర పడ్డాక, చెయ్యి ఒక్కటే కాకుండా నడుము తిప్పి విసిరేలా కాసిని ఓవర్‌హెడ్ త్రోలు వెయ్యనిచ్చాను.

పోటీ అయ్యాక భర్తతో క్లినిక్‌కు వచ్చింది. "ఓడిపోయిన మేడం!" అంటూ ఒకటే నవ్వు. చెట్ల వెనకున్న బుట్టకు వేసిన పళ్లెం మాత్రం చెట్లు దాటి సరిగ్గా బుట్ట పక్కనే దిగిందట. ఎలాగో చూపించబోయి చెయ్యెత్తింది. నా ముఖం చూసి దించేసి, నోటితో చెప్పింది.

జడ తిన్నగా ఉంది. "జడ ఏసుట్ల ఇప్పుడిప్పుడే నాకు చెయ్యి తిరిగింది మేడం, అంతల్నే ఆమె చెయ్యి బాగుజేసిన్రు" అన్నాడు భర్త.

ఎదుటివాళ్ల కోసం చేసేదాన్ని మనుషులు పనిగా లెక్కవేసుకోరని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందుకే, నొప్పితో ఎవరొచ్చినా "ఏం పని చేస్తారు?" అని అడిగాక ఇంకో మాట కూడా అడుగుతాను. "ఎవరికి ఏం చేసి పెడుతున్నారు?"