ముందు పలచన, వెనక దళసరి

డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో మనిషికి ఒక రకం మూర్ఖత్వం పడుతుంది. నాకు కాస్త ఎక్కువే పట్టింది. అరకు సంత వీధిలో పళ్ళ ఆసుపత్రి తెరిచి, కొండల జనానికి దంతవైద్యమంటే ఏమిటో నేర్పడానికే పుట్టినట్టు తిరిగేవాణ్ణి. (అద్దం ముందు నిలబడి "డాక్టరు గారూ" అని నన్ను నేనే పిలుచుకున్న సందర్భాలూ ఉన్నాయి. సిగ్గులేని వయసు.)

అలాంటి రోజుల్లో డిగ్రీ కాలేజీ వ్యాయామ మాస్టారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు. బొర్రా దగ్గరి ఊరు. బాక్సింగ్‌లో రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. దెబ్బలకు పళ్ళు విరక్కుండా పెట్టుకునే తొడుగు, అదే మౌత్‌గార్డు, బజార్లో కొన్నది నోట్లో నిలవడం లేదట. "దీని పళ్ళకి సరిపడా ఒకటి సేసిపెట్టండి డాట్రుగారూ. బేగి కావాల" అన్నారు మాస్టారు.

నేను అంతవరకు ఒక్కటీ చేయలేదు. ఒక వీడియో మాత్రం చూశాను. నాలాంటి మేధావికి అది చాలదా! ఆ పిల్ల పళ్ళ అచ్చు తీసి, ప్లాస్టర్‌తో నమూనా పోశాను. దానిమీద ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మెత్తబడ్డాక యంత్రంతో గాలి లాగేస్తే, షీటు పళ్ళకు అతుక్కుని ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. చూడ్డానికి ఘనంగా ఉంటుందని నమూనాను బాగా ఎత్తుగా పోశాను. బాగా అతుక్కోవాలని షీటును జారి వేలాడేదాకా కాల్చాను. తళతళలాడుతూ వచ్చింది. ఆ ఊపులో నా పళ్ళకూ ఒకటి చేసుకున్నాను.

ఆ అమ్మాయి తనదాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసింది. "ఇదేటి సారూ, ముందు పల్సగుంది, ఎనక దళసరిగుంది. గుద్దు ముందే కదా పడతాది?"

"నాలుగు మిల్లీమీటర్ల షీటమ్మా అది!"

"అది సాగకముందు సారూ. సైకిల్ ట్యూబు లాగితే పల్సబడదా ఏటి?"

నవ్వాను. ఎంత అసహ్యంగా నవ్వానో ఇప్పటికీ గుర్తుంది. ఇది సైన్సు, సైకిళ్ళ షాపు కాదన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? నా తొడుగు నేను నోట్లో పెట్టుకుని, ఆ పిల్లను గ్లవ్ తొడుక్కుని ఒక్కటి కొట్టమన్నాను.

"వద్దండీ బాబూ, ఈ గుంట సెయ్యి మంచిది కాదు" అని మాస్టారు లేచి నిలబడ్డారు. నేను వినలేదు. ఆ పిల్ల బిక్కమొహం వేసి, తన లెక్కలో మెల్లగానే కొట్టింది.

కళ్ళు తెరిచేసరికి సీలింగ్ ఫ్యాను కనిపించింది. ఆ పక్కనే రెండు మొహాలు. "సారూ, మీ పన్ను ముక్క దొరికింది" అంటూ ఆ పిల్ల అరచేయి చాపింది. ఏడుస్తోంది పాపం. నేను "ఏం ఫరవాలేదు" అనబోతే మాటకు బదులు గాలి వచ్చింది. (ముందుపన్ను విరిగిన దంతవైద్యుడి దగ్గరికి రోగులు ఏ ధైర్యంతో వస్తారు? ఆ వారమంతా రాలేదు.)

ఆ సాయంత్రం నా తొడుగును కోసి కొలిచాను. ముందుపళ్ళ దగ్గర సగం మందం కూడా మిగల్లేదు. నమూనా ఎంత ఎత్తుంటే షీటు అంత సాగాలి. ఎక్కువ సాగేది ముందుపళ్ళ అంచు మీదే. అతిగా కాల్చడంతో మరీ పలచబడింది. ఇదంతా ఆ పిల్ల రెండు వేళ్ళతో చెప్పిందే. ఈసారి నమూనాను అడుగున అరగదీసి పొట్టి చేశాను, షీటును జారి వేలాడకముందే దించాను, పైన ఇంకో పొర వేశాను. మూడు పాడుచేశాక నాలుగోది కుదిరింది. ఆ అమ్మాయి నొక్కి చూసి, "ఇప్పుడుంది సారూ" అంది. ఏ ప్రొఫెసరు మెచ్చుకున్నా నాకంత హాయి కలగలేదు.

రాష్ట్ర పోటీల్లో రెండో రౌండులో ఓడిపోయి వచ్చింది. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే, నోరు బార్లా తెరిచి, "లెక్కెట్టుకోండి సారూ" అంది. లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.

ఆ కుర్ర డాక్టరు మీద నాకు గౌరవం లేదు. కానీ ఆ రోజు టార్చిలైటు పట్టుకుని ఒక్కో పన్నూ రెండేసిసార్లు లెక్కపెట్టినవాడు కూడా వాడే కదా అనుకుంటే, పోనీలే అనిపిస్తుంది.