సర్కారు ఖర్చూ, సర్కారు కంపా

మా ఇంట్లో ప్రభుత్వం గురించి తగువు లేని పూట ఉండదు. మా ఆయనకు చిత్తూరులో మోటారు పంపుల షాపు. పొద్దున మా అబ్బాయిని ఇంగ్లీషు బడి వ్యాను ఎక్కించి వచ్చి, పేపరు చేతికి రాగానే మొదలుపెడతాడు. ఎవరిని చూసినా ఉచితాలు, ఎక్కడ చూసినా ఒక ఆఫీసు, దాని మీద ఇంకో ఆఫీసు, ఇంతమందిని మేపుతూ పోతే అప్పులు కాక ఏం మిగులుతాయని. నేను గవర్నమెంటు టీచర్ని. ఆయన లెక్కలో ఆ మేతకు వచ్చిన మందలో నేనూ ఉన్నట్టే. "అట్లయితే నా జీతం కూడా నిలిపేయమని చెప్పు" అంటే, "నీ సంగతి వేరేలేమ్మే, నువ్వు పని సేస్తాండావు కదా" అంటాడు. షాపులో బేరం లేని నెలల్లో ఇదే మాట ఇంకాస్త మెత్తగా అంటాడు.

నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆయన మాట పూర్తిగా తప్పని కొట్టిపారేయలేను. నేను పనిచేసిన బడిని చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. కాణిపాకం వైపు పెద్ద రోడ్డు దిగి మామిడి తోపుల్లోంచి నడిస్తే ఒక చిన్న పల్లె. అందులో రెండు గదుల బడి. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే. పిల్లలు ఏటికేడాది తగ్గుతూ వచ్చి, చివరికి ఒక ఆటోలో పట్టేంతమంది మిగిలారు. వాళ్ల కోసం ఒక వంటామె, ఒక ఆయమ్మ, గుడ్లు, చిక్కీలు, బూట్లు, పుస్తకాలు, నేను. ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి కిటికీలోంచి మేకల్ని చూసేది. నాలుగో తరగతికి భాగహారం చెప్పేలోపు ఒకటో తరగతి నిద్రపోయేది. ఇదేం చదువని నాకే విసుగు పుట్టేది. అట్లాగని బడికి తాళం వేస్తామంటే మాత్రం ఒంటికాలి మీద లేచేదాన్ని.

చివరికి ఆ మాట రానే వచ్చింది. మా బడిని పెద్ద రోడ్డుకు అవతలున్న బడిలో కలిపేయాలన్నారు. అక్కడ తరగతికొక టీచరు, ఆడుకోవడానికి స్థలం, గోడ మీద బొమ్మలు పడే తెర, అన్నీ ఉన్నాయి. పిల్లలతోపాటు నన్నూ అక్కడికే వేస్తారు. బస్సు దిగితే ఎదురుగా బడి, తోపుల్లో నడక తప్పుతుంది, మాట్లాడుకోవడానికి తోటి టీచర్లుంటారు. నాకు అన్ని విధాలా లాభమే. అయినా మనసు ఒప్పలేదు. ఎందుకంటే మధ్యలో ఆ రోడ్డుంది. బెంగళూరు లారీలు అక్కడ ఎవరి కోసమూ ఆగవు.

ఆ రోడ్డు గురించి నాకంటే ఎక్కువ బెంగపడింది ఒక అవ్వ. ఆమె మనవరాలు రెండో తరగతి. పిల్ల అమ్మానాయనలు బెంగళూరులో ఇళ్లు కట్టే పనికి పోయారు, పిల్లను అవ్వ దగ్గర వదిలారు. అవ్వకు చూపు సరిగా ఆనదు, మోకాళ్లు పట్టేసుకుంటాయి. ఆ పిల్లను పొద్దునా సాయంత్రం రోడ్డు దాటించేదెవరన్నది ఆమె ప్రశ్న. కనిపించిన ప్రతిసారీ నన్నే అడిగేది. "ఏదో ఒకటి చేస్తారులే అవ్వా" అని నేను తప్పించుకునేదాన్ని.

తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, మర్యాదస్తుడు. మీటింగుకు ముందు నాతో, "మీరు కంగారుపడకండి టీచరుగారూ, ప్రభుత్వ వ్యయం, హేతుబద్ధీకరణ లాంటి మాటలు వాడను. వాళ్ల భాషలోనే చెబుతాను" అన్నాడు. నిజంగానే అలా చెప్పబోయాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా పల్లెల్లో ప్రభుత్వాన్ని ఎవరూ సర్కారు అనరు. గవర్మెంటు అంటారు. సర్కారు అంటే ముళ్లకంప. ఎప్పుడో గవర్నమెంటువాళ్లు వంటచెరుకు కోసమని దాని విత్తనాలు చల్లించారట. అందుకని సర్కారు కంప అయింది, పోనుపోను కంప కూడా రాలిపోయి ఉత్త సర్కారు మిగిలింది. చెరువులో, చేలగట్ల మీద, బడి వెనకాల అంతటా అదే.

ఆఫీసరు లేచి నిలబడి, "అమ్మా, సర్కారు చాలా పెరిగిపోయింది. ఎక్కడ చూసినా సర్కారే. ఇలాగే వదిలేస్తే మన పిల్లలకు ఏమీ మిగలదు. కొంత తగ్గించుకోవాలా వద్దా, మీరే చెప్పండి" అన్నాడు.

జనం మొహాలు వెలిగాయి. అందరికంటే ముందు అవ్వ అందుకుంది. "ఇన్నాళ్లకు ఒక మంచి మాట సెప్పినావు నాయనా. మా సేను సగం దాని కిందనే ఉండాది."

"చూశారా, మామ్మగారికి ఎంత బాగా అర్థమైందో!" అని ఆయన పొంగిపోయి, చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"తగ్గిస్తే సాలదు సామీ. యేర్లతో పెరికేయాల. పైపైన కొట్టేస్తే మళ్లా రెండింతలు లేస్తాది."

ఆఫీసరు కొంచెం తగ్గాడు. "అంత కఠినంగా వద్దులెండి మామ్మగారూ. అవసరమైనంత ఉంచుకోవాలి కదా."

"అట్లా చెప్పండి సార్" అని వంటామె లేచింది. "అంతా పెరికేస్తే నేను పొయ్యిలోకి ఏం పెట్టేది? గ్యాసు అయిపోయినప్పుడల్లా మాకు సర్కారే దిక్కు. ఈ పిల్లోళ్లు తినే అన్నం దాంతోనే ఉడకతాండాది."

అవ్వకు కోపమొచ్చింది. "నీ పొయ్యి కోసరం నా మేకకు కన్ను పోవాల్నా?"

ఆఫీసరు రాయడం ఆపి నా వైపు చూశాడు. సర్కారు తగ్గింపులోకి మేక ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు అంతు చిక్కలేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను. కానీ ఆ ఇద్దరి పోట్లాట వినేకొద్దీ నవ్వు పోయింది. పొద్దున మా ఇంట్లో జరిగిందీ ఇదే తగువు. అవ్వ మాట మా ఆయన మాటలా ఉంది, వంటామె మాట నా మాటలా ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలియలేదు.

ఆయన రాసుకున్నది బడి మూతకు ఒప్పుదల అని గుర్తొచ్చి లేచాను. "సార్, వీళ్లు మాట్లాడతా ఉండేది ముళ్లకంప గురించి" అని విడమరిచి చెప్పాను. ఆయన పాపం చెవుల దాకా ఎర్రబడి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వాడు. రాసింది కొట్టేసి, ఈసారి తిన్నగా అడిగాడు. ఈ బడి తీసేసి రోడ్డవతల బడిలో కలిపితే మీకు సమ్మతమేనా అని.

అవ్వ నా వైపు తిరిగింది. "టీచరమ్మా, ఆ బడి మంచిదేనా?"

"మంచిదే అవ్వా. తరగతికొక టీచరు ఉండారు."

"ఆ రోడ్డో?"

"రోడ్డు మంచిది కాదు."

"రెండూ నువ్వే సెప్తే నేను ఏది పట్టుకునేది తల్లీ?"

నేను ఆఫీసరు వైపు చూశాను. రోడ్డు దాటించడానికి ఒక మనిషిని పెట్టమని పైకి రాస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. ఆ మాట మీద అందరూ సంతకాలు చేశారు, అవ్వ వేలిముద్ర వేసింది. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మా ఆయన పగలబడి నవ్వాడు. "ఖర్చు తగ్గించేదానికి బడి తీసేసి, దాటించేదానికి ఇంకో ఉద్యోగమా?" అన్నాడు. మరి ఆ పిల్ల ఒంటరిగా దాటాలా అని అడిగితే, "దాటించాల్సిందే, మనిషిని పెట్టాల్సిందే" అన్నాడు.

సెలవులయ్యాక కొత్త బడిలో చేరాను. రోడ్డు దాటించే మనిషి ఇంకా రాలేదు. మా పల్లె పిల్లల్ని కొన్నాళ్లు నేనే ఇవతలికి తెచ్చాను, ఒక చేత్తో పిల్లల్ని పట్టుకుని ఇంకో చేత్తో లారీల్ని ఆపుతూ. వాళ్లలో అవ్వ మనవరాలు లేదు. పిల్లకు జ్వరమేమో అనుకున్నాను. వారం దాటినా రాకపోయేసరికి, బడి వదలగానే తోపుల్లోంచి పల్లెకు నడిచాను.

అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పిల్ల బాగానే ఉంది. చిత్తూరులో ఒక ఇంగ్లీషు బడిలో వేశారట. ఇంటి ముందుకే వ్యాను వస్తుంది, రోడ్డు దాటే పని లేదు.

"ఫీజు ఎట్లా కడతావు అవ్వా?"

"గవర్మెంటు పింఛను ఇస్తాండాది కదమ్మా. అది ఆడికి పోతాది."

ఖర్చు తగ్గుతుందని గవర్నమెంటు బడి మూశారు. గవర్నమెంటు ఇచ్చే పింఛను తీసుకెళ్లి అవ్వ ప్రైవేటు బడికి కడుతోంది. ఇందులో ఏది తగ్గిందో, ఏది పెరిగిందో, ఎవరు ఎవరిని పోషిస్తున్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానందుకు కోపం వచ్చి, ఆ కోపాన్ని అవ్వ మీదే చూపించాను. "పిల్లను తీసేసేముందు నన్ను ఒక్క మాట అడగకూడదా?" అన్నాను.

అవ్వ గింజ తీయడం ఆపి నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "నిన్ను అడిగేదేముండాది టీచరమ్మా? నీ కొడుకును నువ్వు ఇంగ్లీషు బడి వ్యానులోనే పంపిస్తివి కదా. గవర్మెంటు బడి సంగతి నీ కంటే ఎవురికి తెలుసు? నువ్వు సేసిందే సూసి నేనూ సేసినా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. నన్ను నమ్మి చెప్పింది. నేను తలొంచుకుని నిలబడితే ఆమెకే భయం వేసినట్టుంది. "తప్పు సేయలేదు కదా తల్లీ?" అని అడిగింది.

"లేదవ్వా, మంచి పనే చేసినావు" అన్నాను.